ఉప్పు సరిపోయిందా?

భోజనాల దగ్గర మన ఆడవాళ్ళం అడిగే ప్రశ్న ఒకటుంది. కూర వడ్డించి, గరిటె గిన్నెలోనే ఉంచి, ఓ క్షణం ఆగి అడుగుతాం, "ఉప్పు సరిపోయిందా?" అని. దానికి జవాబు కూడా దాదాపు అందరి ఇళ్ళల్లోనూ ఒకటే. "ఊఁ." కాస్త మర్యాద తెలిసినవాళ్ళయితే "ఆఁ, సరిపోయింది." అక్కడితో ఆ ప్రస్తావన అయిపోతుంది. మనం చారు గిన్నె తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోతాం.

నిజం చెప్పండి, మనం అడిగేది ఉప్పు గురించేనా? పాతికేళ్ళుగా రెండు పూటలా వండే చేతికి ఉప్పు ఎంత పడిందో తెలియదూ? నైవేద్యానికి చేసే వంట రుచి చూడకూడదు గనక, పులుసు మరిగే వాసన బట్టే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పగలిగిన ఇల్లాళ్ళున్న దేశం మనది. మరి ఎందుకు అడుగుతాం? "ఎలా ఉంది, బావుందా?" అని నేరుగా అడగడానికి మొహమాటం. అందుకని ఉప్పుని అడ్డం పెట్టుకుంటాం. ఈ సంగతి నాకు తెలియడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. తెలిసేసరికి, ఎవరికి చెప్పాలో ఆ మనిషి లేరు. ఆ కథే ఇవాళ మీకు చెప్పాలని కూర్చున్నాను.

నా పెళ్ళి 1984 ఫాల్గుణంలో అయింది. ఇంటర్మీడియెట్ మధ్యలో మాన్పించి చేశారు. రాజమండ్రిలో కాపురం. మామగారు, అత్తగారు, ఇద్దరు మరుదులు, పెళ్ళి కావలసిన ఆడపడుచు, మావారు, నేను. వచ్చే పోయే చుట్టాలు సరేసరి. ఎప్పుడు చూసినా పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూ ఉండేది.

నేను కాపురానికి వచ్చిన వారానికి మా అత్తగారు నాకొక రహస్యం చెప్పారు. "మీ మామగారు తిని లేచేటప్పుడు ఏమీ అనలేదంటే వంట బావున్నట్టేనమ్మా. భయపడకు" అన్నారు. పాపం, ఆవిడ అప్పటికి ముప్ఫై ఏళ్ళుగా ఆ "ఏమీ అనకపోవడం" మీదే సంసారం నడుపుకొచ్చారు. నేను కూడా అలాగే అలవాటు పడ్డాను. మామగారు చెయ్యి కడుక్కుని, కండువాతో మూతి తుడుచుకుని, మారు మాట్లాడకుండా వీధి అరుగు మీదకి వెళ్ళిపోతే, హమ్మయ్య, ఇవాళ గండం గడిచిందనుకునేదాన్ని.

ఒక్కసారి మాత్రం పప్పుపులుసులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. అబ్బ, ఆ రోజు చూడాలి! అంతవరకూ మాటే రాని వాళ్ళందరికీ ఒక్కసారిగా నోళ్ళు వచ్చాయి. పక్కింటివాళ్ళకి కూడా తెలిసిపోయింది. ఉప్పు వేసిన మూడువందల అరవై నాలుగు రోజులూ ఎవరికీ గుర్తులేవు. వెయ్యని ఆ ఒక్క రోజూ మా ఆడపడుచు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతుంది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పురాణం ఒకటి ఉండే ఉంటుంది.

ఇక అసలు కథలోకి వస్తాను. మా అత్తగారికి ఒక అక్కగారు ఉండేవారు. మావారికి దొడ్డమ్మ, నాకు పెద్దత్తయ్యగారు. చిన్న వయసులోనే భర్త పోయారు, పిల్లల్లేరు. అమలాపురం దగ్గర ఒక పల్లెటూళ్ళో తన ఇంట్లో తనుండేవారు. ఏటా వేసంకాలం రాగానే, చేతిలో ఒక గుడ్డ సంచీ, ఆ సంచీలో గోనెగుడ్డ చుట్టిన మామిడికాయలు కొట్టే కత్తి పట్టుకుని బస్సు దిగేవారు. ఎంత చెప్పినా మా ఇంట్లో కత్తి ముట్టుకునేవారు కాదు. "నా కత్తికి నా చెయ్యి తెలుసమ్మా" అనేవారు.

ఆవిడ వచ్చారంటే మా ఇంటికి ఆవకాయ వచ్చినట్టే. కొత్తపల్లి కొబ్బరి కాయలే కావాలి, అదీ ఆ పొద్దున్న కోసినవే కావాలి. కాయ నొక్కి చూసి, ముచిక దగ్గర వాసన చూసి ఏరేవారు. కడిగి, పొడిబట్టతో తుడిచి, ఏ ముక్కకి ఆ ముక్క టెంకతో ఉండేలా కొట్టేవారు. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, మళ్ళీ ప్రతి ముక్కా తుడవాలి. ఆ తుడిచే పని నాది, మా ఆడపడుచుది. కారం, ఆవపిండి, ఉప్పు సమానంగా కొలిచి, గుప్పెడు మెంతులు వేసి, ముక్కలు నువ్వులనూనెలో ముంచి, పిండిలో దొర్లించి, జాడీలోకి వేసేవారు. జాడీకి వాసెన కట్టి, "ఇంక మూడో రోజు దాకా దీని మొహం చూడకండి" అనేవారు.

మూడో రోజు తిరగకలిపేటప్పుడు మా ఇంట్లో పండగే. కలిపిన బేసిన్‌లోనే వేడి అన్నం, నెయ్యి వేసి పిసికి, పిల్లలకీ పెద్దలకీ అందరికీ చేతిలో ముద్దలు పెట్టేవారు. అందరూ ఉస్సు ఉస్సుమంటూ తినేవారు. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి అడిగేవారు, "ఉప్పు సరిపోయిందేమో చూడు అమ్మాయ్" అని.

"సరిపోయిందండీ" అనేదాన్ని.

ఆవిడ గరిటె పట్టుకుని ఇంకో క్షణం నుంచునేవారు. ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఇంకేదో వింటానన్నట్టు నుంచునేవారు. నేనేమో చెయ్యి కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళిపోయేదాన్ని. తరవాత ఆవిడ జాడీ మూత పెట్టుకునేవారు.

1984 నుంచి 2002 దాకా లెక్కేస్తే పంతొమ్మిది ఆవకాయలు. పంతొమ్మిదిసార్లు అడిగారు, పంతొమ్మిదిసార్లూ "సరిపోయిందండీ" అన్నాను. నచ్చక కాదు సుమండీ! ఆ ఆవకాయ లేకపోతే నాకు ముద్ద దిగేది కాదు. పురిటికి మా పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా ఓ సీసాలో పెట్టించుకుని తీసికెళ్ళాను. కానీ ఆ మాట ఆవిడతో అనాలని తోచలేదు. రోజూ తింటున్నాంగా, మళ్ళీ చెప్పేదేవిటి అనుకున్నాను.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉంది. ఆవిడ మాత్రం నాకు చెప్పవలసిన మాట చెప్పవలసిన వేళకి చెప్పారు.

ఆవిడకి అయిదో తరగతి దాకానే చదువు. చూపు మందగించాక తన తమ్ముడికి ఉత్తరాలు నాచేత రాయించేవారు. 1989 వేసవిలో ఒక మధ్యాహ్నం ఏదో పొలం తగాదా గురించి చెప్పి, రాయమన్నారు. ఆవిడ చెప్పిందంతా విని, ఇన్‌లాండ్ కవరు మీద రాసి, చదివి వినిపించాను. వింటూ వింటూ ఆవిడ లేచి కూర్చున్నారు. "నేను గజిబిజిగా పది ముక్కలు చెబితే, నువ్వు రెండు వాక్యాల్లో పెట్టావు. పైగా వాడికి కోపం రాకుండా పెట్టావు. ఇది అందరికీ వచ్చే విద్య కాదు అమ్మాయ్. ఆగిపోయిన చదువు మళ్ళీ ఎందుకు మొదలుపెట్టవు?" అన్నారు.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెళ్ళయిన అయిదేళ్ళలో నాకు ఒక విద్య ఉందని అన్న మొదటి మనిషి ఆవిడ. "మంచి పిల్ల", "పనిమంతురాలు" అని పైపైన అన్నమాట కాదు. నేను చేసిన పనేదో చూసి, అందులో ఏది బావుందో వేలు పెట్టి చూపించారు.

అప్పట్లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అని ఉండేది. 1982లో పెట్టారు. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అప్పట్లో ఇంటర్ పూర్తి చెయ్యనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి బి.ఏ.లో చేరగలిగేవారు. పిల్లాణ్ణి మా అత్తగారి దగ్గర వదిలి ఆదివారాలు క్లాసులకి వెళ్ళేదాన్ని. మామగారికి ఇష్టం లేకపోతే పెద్దత్తయ్యగారే నచ్చజెప్పారు. వంటిల్లు సర్దుకున్నాక రాత్రి పదింటికి పుస్తకం తీస్తే నిద్ర ముంచుకొచ్చేది. మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! అనుకున్నప్పుడల్లా "ఇది అందరికీ వచ్చే విద్య కాదు అమ్మాయ్" అన్న మాట చెవిలో వినపడేది. బి.ఏ. అయింది. తరవాత ఒక ప్రైవేటు బడిలో ఇరవై ఏళ్ళకి పైగా తెలుగు పాఠాలు చెప్పాను. నాలుగు రాళ్ళు సంపాదించుకున్నాను, నలుగురిలో నిలబడ్డాను. అంతా ఆ ఒక్క మధ్యాహ్నపు మాట వల్ల.

2003లో, మాఘమాసంలో, ఆవిడ నిద్రలోనే పోయారు. ఆ ఏడు ఆవకాయకి రాలేదు. పన్నెండో రోజు భోజనాల దగ్గర అందరం ఆవిడ గురించే మాట్లాడుకున్నాం. "ఆ చెయ్యి ఇంకెవరికీ రాదు" అన్నారు మావారు. "ఏడాది చివరికి కూడా ముక్క మెత్తబడేది కాదు" అన్నాడు పెద్ద మరిది. మా మామగారు, ఎన్నడూ వంట గురించి మాట్లాడని మనిషి, విస్తరి ముందు కూర్చుని, "ఆవిడ ఆవకాయ తిన్నాక ఇంకోటి నోట పెట్టలేకపోయాను" అన్నారు. అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

వాళ్ళ పక్కింటావిడ మజ్జిగ పోస్తూ ఆ మాటలన్నీ విన్నారు. నా దగ్గరికొచ్చి మెల్లిగా అన్నారు, "ఏటా మీ ఇంటినించి తిరిగొచ్చాక అడిగేదాన్నమ్మా, ఆవకాయ ఎలా కుదిరింది, మీవాళ్ళకి నచ్చిందా అని. 'నచ్చే ఉంటుందిలే, వెళ్ళేసరికి జాడీలు ఖాళీగా ఉంటున్నాయిగా' అనేవారు."

ఆ మాటతో నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా నోటి మాట కోసం పంతొమ్మిదేళ్ళు చూసి, దొరక్క, ఖాళీ జాడీలు చూసి ఆవిడ సమాధానపడ్డారన్నమాట. పన్నెండో రోజు మేమంతా అన్న మాటల్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, మూడో రోజు బేసిన్ దగ్గర అని ఉంటే ఏం పోయేది?

తరవాత చాలారోజులు ఆలోచించాను. మేము చెడ్డవాళ్ళం కాదు, కృతజ్ఞత లేనివాళ్ళమూ కాదు. మరి ఎందుకు అనలేకపోయాం?

మనలో ఒక నమ్మకం ఉంది, మొహం మీద పొగిడితే దిష్టి తగులుతుందని, ఆయుక్షీణమని. పసిపిల్ల ముద్దుగా ఉందంటే చాలు, అమ్మమ్మలు బుగ్గన చుక్క పెట్టడానికి కాటుక వెతుక్కుంటారు. పొగిడితే నెత్తికెక్కుతారని ఇంకో భయం. "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అన్న సామెత ఎలాగూ ఉంది. పొరుగింటి పుల్లకూరేమో రుచి! పెళ్ళికి వెళ్ళి వంటవాళ్ళు చేసిన గుత్తివంకాయని మెచ్చుకుంటూ ఊరంతా చెప్పే మగవారు, ఇంట్లో అంతకంటే బాగా చేసిన వంకాయని పేపరు చదువుతూ తినేస్తారు. మగవారినే అనడమెందుకు? కరెంటు బిల్లు దగ్గర్నించి గ్యాసు సిలిండరు దాకా అన్నీ వేళకి చూసుకునే మావారికి నేనెన్నడైనా "మీరున్నారు గనక నాకీ చింత లేదు" అన్నానా? అనలేదు.

పురాణాల్లో దీనికి జవాబు ఉందేమోనని వెతుక్కున్నాను. బడిలో తెలుగు చెప్పినదాన్ని కదా, అలవాటు. కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. కర్ణుడి చేతిలో దెబ్బతిని వచ్చిన ధర్మరాజు, అర్జునుణ్ణి నిష్ఠూరాలాడి, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమంటాడు. ఆ మాట ఎవరన్నా చంపుతానని అర్జునుడికి ప్రతిజ్ఞ. కత్తి దూస్తాడు. అప్పుడు కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి అవమానించడం చంపడంతో సమానం, ఆ నాలుగు మాటలూ అని ప్రతిజ్ఞ తీర్చుకోమంటాడు. అన్నాక అర్జునుడికి పశ్చాత్తాపం పుట్టి తనని తాను చంపుకోబోతాడు. తనని తాను పొగుడుకోవడం ఆత్మహత్యతో సమానం, అది చెయ్యి చాలంటాడు కృష్ణుడు.

మనం ఈ కథలోంచి ఒక ముక్కే పట్టుకున్నాం, ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోకూడదని. మంచిదే. కానీ ఆలోచించండి. తనగురించి తాను చెప్పుకోకూడదు, ఎదుటివాళ్ళు చెబితే దిష్టి. ఇంక ఆ మంచిమాట ఎవరు చెబుతారండీ? తను చెప్పుకోకూడదంటే, మిగతావాళ్ళు చెప్పి తీరాలనేగా అర్థం!

అదే కర్ణపర్వంలో శల్యుడున్నాడు. కర్ణుడికి రథం తోలుతూ, నీవల్ల ఏమవుతుంది, అర్జునుడి ముందు నువ్వెంత అని దారిపొడుగునా నీరుగారుస్తాడు. "శల్య సారథ్యం" అని మనం ఇవాళ్టికీ అంటూనే ఉన్నాం. రామాయణంలో జాంబవంతుడున్నాడు. నూరు యోజనాల సముద్రం ముందు వానరులంతా బెంబేలు పడుతుంటే, ఒకపక్క మౌనంగా కూర్చున్న హనుమంతుడి దగ్గరికి వెళ్ళి, నువ్వెవరివో, చిన్నప్పుడు ఏం చేశావో గుర్తుచేస్తాడు. జాంబవంతుడు లేనిది కల్పించి చెప్పలేదు చూశారా, ఉన్నదే చెప్పాడు. ముఖస్తుతికీ మెచ్చుకోలుకీ తేడా అదే. ముఖస్తుతి చేసేవాడు తన పని జరగాలని చూస్తాడు. మెచ్చుకునేవాడు ఎదుటివాడి పనిని చూస్తాడు. పెద్దత్తయ్యగారు నాకు జాంబవంతుడిలా ఎదురయ్యారు. నేను ఆవిడపట్ల శల్యుణ్ణి కాలేదు గానీ, నోరున్న వానరాన్ని కూడా కాలేకపోయాను.

ఆ ఏడాది నించీ మా ఇంట్లో ఒక కొత్త అలవాటు పెట్టుకోవాలనుకున్నాను. చెప్పినంత తేలిక కాదండోయ్! మొదటిసారి మా అత్తగారితో "మీరు మడిచిన బట్టలు చూస్తే ఇస్త్రీ అక్కర్లేదనిపిస్తుంది" అన్నాను. ఆవిడ అనుమానంగా చూసి, "ఏవిటి, మీ పుట్టింటికి గానీ వెళ్ళాలా?" అన్నారు. అవును మరి, మన ఇళ్ళల్లో మంచిమాట వినపడిందంటే వెనక ఏదో కోరిక ఉందనే లెక్క. అయినా మర్నాటినించి ఆవిడ బట్టలు ఇంకా ముచ్చటగా మడవడం నేను చూశాను.

మావారి సంగతి ఇంకో రకం. "మీరూ ఏదైనా అనండి" అని చెప్పానో లేదో, ఆ పూట నించీ కంచం ముందు కూర్చోగానే "కూర బ్రహ్మాండం" అనడం మొదలుపెట్టారు. ముద్ద నోట్లో పెట్టుకోకముందే! వారం రోజులు విన్నాను. రైల్వే స్టేషన్లో బండి వచ్చేముందు చెప్పే మాటల్లా రోజూ అదే మాట, అదే గొంతు. "ఇలా అయితే వద్దు లెండి. తిన్నాక, ఏది బావుంటే అది చెప్పండి. బాలేకపోతే అదీ చెప్పండి" అన్నాను. రెండు రోజులు మౌనం. మూడో రోజు మజ్జిగ పోసుకుంటూ, "ఇవాళ చారులో వెల్లుల్లి చితక్కొట్టి వేశావా? మా అమ్మమ్మ చారులా ఉంది" అన్నారు. ఆ రోజు నేను ఎంత మురిసిపోయానో వారికి ఇప్పటికీ తెలియదు. వారం రోజుల బ్రహ్మాండాలు ఆ ఒక్క వెల్లుల్లి రెబ్బకి సరితూగలేదు.

ఈ మధ్య ఇలాంటివి కనపడితే చదువుతున్నాను. పిల్లల్ని ఎలా మెచ్చుకోవాలన్న దాని మీద అమెరికాలో క్లాడియా మ్యూలర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకురాళ్ళు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఇచ్చిన పని బాగా చేసిన పిల్లల్లో కొందరిని "నువ్వు తెలివైనదానివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారట. తెలివైనవాళ్ళని అనిపించుకున్న పిల్లలు ఆ పేరు ఎక్కడ పోతుందోనని తేలిక పనులే ఎంచుకున్నారు, ఒకసారి తప్పగానే నీరుగారిపోయారు. కష్టాన్ని మెచ్చుకున్న పిల్లలు ఇంకా కష్టమైనవాటికి ముందుకొచ్చారు. బడిలో ఉన్నంతకాలం "బంగారుకొండ", "తెలివిగలవాడు" అని ఊరికే అంటూ వచ్చినదాన్ని. పిల్లాడి ప్రోగ్రెస్ కార్డు చూసి "మా వాడు మహా తెలివైనవాడు" అనేకంటే, "గుణింతాలు పదిసార్లు రాశావు కదూ, అందుకే తప్పుల్లేవు" అంటే వాడికి రేపు ఏం చెయ్యాలో తెలుస్తుంది.

2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే వాళ్ళు ఇంకోటి చూశారు. తమకి మేలు చేసినవాళ్ళకి కృతజ్ఞత చెబుతూ ఉత్తరాలు రాయమన్నారు. రాసేవాళ్ళు, చదివేవాళ్ళకి ఇది ఎబ్బెట్టుగా ఉంటుందేమో అని అనుకున్నారట. అందుకున్నవాళ్ళకి అంత ఎబ్బెట్టు ఏమీ అనిపించలేదు, రాసినవాళ్ళు ఊహించినదానికంటే ఎక్కువ సంతోషించారు. అది చదివి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుండిపోయాను. నన్ను ఆపింది కూడా ఆ మొహమాటమేగా!

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మెచ్చుకోలుని గాలంలా వాడేవాళ్ళున్నారు. "మా కోడలు బంగారం, ఒక్కనాడు నోరెత్తదు" అంటే అది మెచ్చుకోవడం కాదు, ఇకముందు కూడా నోరెత్తకు అని చెప్పడం. "నీ చేతి వంట తప్ప తినలేనోయ్" అని పండగపూట జ్వరంతో ఉన్న భార్యని పొయ్యి దగ్గరికి పంపడమూ అంతే. మెచ్చుకున్న చేత్తోనే ఒక గిన్నె కడిగితే ఆ మాటకి విలువ. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇత్తడి సామాను తోమితే అద్దంలా ఉంటుంది. ఆ మాట ఆమెకి చెబుతాను. పండక్కి చీర పెట్టడం, వేళకి జీతం ఇవ్వడం, ఏడాదికోసారి పెంచడం కూడా చేస్తాను. మంచిమాట జీతానికి బదులు కాదు సుమా!

మనవాళ్ళకి మెచ్చుకోవడం చేతకాదనీ అనలేం. పద్యనాటకాల్లో నటుడు రాగం తీస్తుంటే "వన్స్ మోర్" అని కేకలేసి, అదే పద్యం మళ్ళీ మళ్ళీ పాడించుకున్న జాతి మనది. మనం అలవోకగా అనే "శభాష్" పారసీ నించి వచ్చిన మాట. ఆనందంగా ఉండు అని దానర్థం. ఎదుటివాడి పనిని మెచ్చుకోవడమంటే వాడి సంతోషం కోరుకోవడమేనన్నమాట. రంగస్థలం మీద నటుడికి అంత ఉదారంగా ఇచ్చే ఆ మాటని వంటింటి గడపలో నుంచున్న మనిషికి ఇవ్వడానికి మనకి చెయ్యి రాదు, అదీ విచిత్రం.

మా అబ్బాయి, కోడలు హైదరాబాదులో ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలే. పోయిన వేసవిలో నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి మా కోడలు తొలిసారిగా తనంతట తను ఆవకాయ పెట్టింది. నేను ఫోనులో చెప్పిన కొలతలే, పెద్దత్తయ్యగారి కొలతలే. కాయలు మార్కెట్లోనే కొట్టించిందిట. మూడో రోజు అన్నం కలిపి, నాకు ముద్ద పెట్టి, కళ్ళలోకి చూడకుండా అడిగింది, "ఉప్పు సరిపోయిందా అత్తయ్యా?"

నా గుండె ఒక్కసారి ఆగినట్టయింది. పంతొమ్మిదేళ్ళు నేను తప్పిన పరీక్ష మళ్ళీ రాయమన్నట్టు అనిపించింది.

"ఉప్పు సంగతి తరవాత చెబుతాను. ముందు ఇలా కూర్చో" అన్నాను. "ముక్కకి ముక్కా తుడిచినట్టున్నావు, చెమ్మ అన్నది లేదు. ఆఫీసు నించి వచ్చి ఆ పని ఎప్పుడు చేశావే? ఆవ ఘాటు ముక్కుదాకా వచ్చి ఆగింది, అంతకుమించి మండలేదు. మా పెద్దత్తయ్యగారు ఉంటే ఈ ముద్ద రెండోసారి అడిగేవారు" అన్నాను.

అది ఏమీ అనలేదు. గబగబా లేచి వంటింట్లోకి వెళ్ళింది. కొళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపటికి మొహం కడుక్కుని వచ్చి, "మరి ఉప్పు?" అంది నవ్వుతూ.

"కాస్త తక్కువైంది. ఇంకో గుప్పెడు కలుపు, లేకపోతే వానాకాలం దాకా నిలవదు" అన్నాను. ఇద్దరం కలిసి కలిపాం. మెచ్చుకోవాలని అబద్ధం చెప్పక్కర్లేదండీ. ముందు మంచిమాట విన్న మనిషి ఆ తరవాత ఉప్పు తక్కువన్నా నొచ్చుకోదు.

నాకు తెలుసు, ఇది చదివేవాళ్ళలో చాలామంది వడ్డించేవాళ్ళే, వినవలసినవాళ్ళే. అయినా మనం కూడా ఎవరో ఒకరి చేతి అన్నం తిన్నవాళ్ళమే, ఎవరో ఒకరి మాటతో నిలబడ్డవాళ్ళమే. వాళ్ళలో బతికి ఉన్నవాళ్ళు ఎవరో ఒక్కసారి తలుచుకోండి. అమ్మ కావచ్చు, చిన్నప్పటి టీచరు కావచ్చు, ఎప్పుడో మీ పురిట్లో నెలరోజులు చాకిరీ చేసిన పిన్ని కావచ్చు. ఫోనులో బొటనవేలు బొమ్మ పంపి ఊరుకోకండి. ఒక్కసారి ఫోను చేసి, వాళ్ళు చేసినదేదో, అందులో మీకు నచ్చినదేదో ఫలానా అని చెప్పండి. పన్నెండో రోజు దాకా దాచిపెట్టుకోకండి.

ఇవాళ రాత్రి మీ ఇంట్లో ఎవరైనా గరిటె పట్టుకుని "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే, దయచేసి ఉప్పు గురించి మాత్రమే చెప్పి ఊరుకోకండి.